నాలుగు గీతలూ ముప్పై ఏడున్నర

అతని పేరు హాజరు పట్టీలో ఉంది గానీ ఆ హ్యాచరీలో ఎవరూ ఆ పేరుతో పిలవరు. పక్షి అంటారు. కోడిపిల్లల్ని పుట్టించే చోటు కదా, ముద్దుగా పెట్టుంటారని అనుకునేరు, అదేం కాదు. అనుమానపు పక్షి అనడానికి మొహమాటపడి, అనుమానాన్ని మింగేసి పక్షిని మాత్రం పైకి అంటారు. తాళం వేశాక మూడు సార్లు లాగి చూసే మనిషి. టీ తెచ్చిచ్చినవాళ్ళని ముందు మీరు ఒక గుక్క తాగండి అన్నట్టు చూసే మనిషి. కోడిగుడ్డు మీద ఈకలు పీకేదెవరని అడిగితే, అక్కడ పనిచేసేవాళ్ళ తలలన్నీ ఒకేవైపు తిరుగుతాయి.

అక్కడి కంప్యూటర్లు చూసుకోవడం అతని పని. ఆ ఉద్యోగం ఇప్పించింది పిన్ని. తల్లి పోయాక ఎనిమిదో ఏటి నుంచి అతన్ని పెంచిందీ ఆవిడే. ఇప్పటికీ ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు, పొద్దున్నే కలిసి పనికొస్తారు, సాయంత్రం కలిసి ఇంటికెళ్తారు.

గుడ్లు పొదిగే మిషన్లు అక్కడ నాలుగున్నాయి. ఒక్కోటీ గోడంత ఎత్తు బీరువా. ఒకటీ రెండూ ఒక గదిలో, మూడూ నాలుగూ నడవాకి అవతలి గదిలో. ఒక్కో మిషనుకీ ఒక్కో మనిషి. ఎవరి మిషను తలుపు వాళ్ళే తియ్యాలి, అదీ పొద్దున ఏడింటికీ, సాయంత్రం నాలుగింటికీ. మధ్యలో తీస్తే లోపలి వేడి పోతుందనీ, పిల్ల గుడ్డులోనే ఆగిపోతుందనీ యజమానురాలి భయం. అందరూ ఆవిడని మేడమ్ అంటారు. ఆ ఒక్క నియమం తప్పినవాళ్ళని ఆవిడ ఆ పూటే పంపించేస్తుంది, ఎన్నేళ్ళ మనిషైనా సరే. రెండో మిషను పిన్నిది. ఇరవై రెండేళ్ళుగా ఆవిడదే.

మిషన్ల వేడిని రాసిపెట్టే పాత కంప్యూటరు ఒక సోమవారం పొద్దున చచ్చిపోయింది. గంటకొకసారి నాలుగు మిషన్ల మీటర్లనీ పలకరించి, వాళ్ళు చెప్పిన అంకెని రాసుకోవడమే దాని జన్మంతా చేసిన పని. కొత్తది తెప్పించారు. తళతళలాడుతూ వచ్చింది గానీ దాని వెనక చూస్తే మీటరు తీగ గుచ్చుకునే సీరియల్ పోర్టు ఒక్కటే ఉంది. మిషన్ల మీటర్లేమో పదిహేనేళ్ళ నాటివి, తొమ్మిది సూదుల సీరియల్ తీగతో తప్ప ఇంకే దారినా మాట్లాడవు. నాలుగు మిషన్లకి ఒక్క పోర్టంటే నలుగురికి ఒక్క చెప్పుల జతన్నట్టే. అందుకని నాలుగు పోర్టుల కార్డొకటి కొనుక్కొచ్చాడు. కార్డు కంప్యూటరు లోపల కూర్చుంటుంది. దాన్నుంచి లావుపాటి తీగ బయటికొచ్చి ఒక చిన్న నల్ల పెట్టెలో ముగుస్తుంది. ఆ పెట్టె మీద నాలుగు సాకెట్లు: పై వరసలో రెండు, కింది వరసలో రెండు. ఏది ఎన్నోదో రాసిన అంకె మాత్రం ఎక్కడా లేదు.

కంప్యూటరు మూత విప్పి, కార్డు గుచ్చి, స్క్రూ బిగించి, మీట నొక్కాడు. కంప్యూటరు లినక్సు అనే సాఫ్టువేరుతో నడుస్తుంది, ఏం జరిగిందో అడిగితే దాచకుండా వరసగా చెప్తుంది. కార్డు కనపడిందంది. సంతోషమే. ఒకటో పోర్టు సిద్ధం, రెండోది సిద్ధం, మూడోది సిద్ధం అంది. నాలుగోది నమోదు చేయలేకపోయానంది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఇంకో దారి.

కార్డు తీసి మళ్ళీ గుచ్చాడు. పక్క గాడిలోకి మార్చాడు. ఎన్నిసార్లు చేసినా మూడే. ఇక అతనికి అనుమానం పుట్టిందంటే ఆలస్యమవుతుందా? వాడి పారేసిన కార్డుని తుడిచి అంటగట్టాడు కొట్టువాడు, డబ్బా మీద టేపు కూడా రెండోసారి అంటించినట్టే ఉంది అనుకున్నాడు. మర్నాడు పొద్దున్నే కొట్టు తెరిచే వేళకి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇది పాత సరుకు," అన్నాడు.

కొట్టువాడు కార్డు తీసుకుని బల్ల మీదున్న తన కంప్యూటర్లో పెట్టాడు. నాలుగు పోర్టులూ వరసగా లేచి నిలబడ్డాయి.

"చూశారుగా. సరుకు బాగానే ఉంది."

"మీ దాంట్లో వస్తాయి. మీరు ముందే ఏదో చేసి పెట్టుంటారు."

"చేశాను. మీరూ చెయ్యండి," అన్నాడు కొట్టువాడు నవ్వుతూ. "లినక్సు మామూలుగా నాలుగు సీరియల్ పోర్టులకే చోటు పెట్టుకుంటుంది. మీ కంప్యూటరుకి పుట్టుకతో ఒకటుంది కదా, అది ఒక చోట కూర్చుంది. మిగిలినవి మూడు. కార్డు నలుగుర్ని తెచ్చింది. నాలుగోవాడు ఎక్కడ కూర్చుంటాడు? మొదలయ్యేటప్పుడే ఎనిమిదికి చోటు పెట్టుకోమని చెప్పండి."

చెప్పినట్టే చేశాడు. మొదలయ్యేటప్పుడు చదువుకునే వరసలో ఆ ఒక్క మాటా చేర్చి, కంప్యూటరుని ఆపి మళ్ళీ మొదలుపెట్టాడు. నాలుగూ వచ్చాయి. కొట్టువాణ్ణి ఒక మాటంటే ఊరుకున్నాడు పాపం అని ఒక్క క్షణమైనా అనుకోవాలా వద్దా? ఇంత తేలిక సంగతి డబ్బా మీద ఎందుకు రాయలేదు, ఇందులో ఏదో మతలబుంది అనుకున్నాడు.

మిషన్ల నుంచొచ్చిన తీగలు నాలుగూ నల్లపెట్టెకి తగిలించాడు. పుస్తకం చదివినట్టు పై వరసలో ఎడమది ఒకటి, కుడిది రెండు, కింది వరసలో ఎడమది మూడు, కుడిది నాలుగు అని చీటీలు అంటించాడు. తెర మీద నాలుగు గీతలు మొదలయ్యాయి. ముప్పై ఏడున్నర, ముప్పై ఏడున్నర, ముప్పై ఏడున్నర, ముప్పై ఏడున్నర. పొదిగే మిషన్లన్నీ ఒకే వేడిలో ఉంటాయి మరి. ఏ గీత ఏ మిషనుదో తెలియాలంటే ఒక్కో తీగా పీకి, తెర మీద ఏ గీత ఆగిందో చూడాలి. రెండు నిమిషాల పని. మేడమ్ దానికోసమే ఒక కాగితం కూడా ఇచ్చింది: ఏ తీగ ఏ మిషనుదో పీకి పరీక్షించాను, సంతకం.

తాళాన్ని మూడు సార్లు లాగే మనిషి ఆ తీగని ఒక్కసారైనా లాగలేదండీ. నాలుగూ వస్తున్నాయి, నాలుగూ సరైన వేడి చూపిస్తున్నాయి, ఇంకేం కావాలి అనుకున్నాడు. లోకంలో అందరి పనినీ శంకించేవాడికి తన పని మాత్రం శంకించడానికి తోచదు. కాగితం మీద సంతకం గీకి పంపించేశాడు.

పైగా ఇంకో పని చేశాడు. పాతది గంటకొకసారి రాసేది, కొత్తదాన్ని నిమిషానికొకసారి రాయమన్నాడు. గంటకీ గంటకీ మధ్య ఏం జరుగుతోందో ఎవడికి తెలుసు అని అతని బాధ.

జరుగుతోంది కూడా. గురువారం మధ్యాహ్నం ఒంటిగంటా పదికి రెండో గీత జారింది. ముప్పై ఏడున్నర నుంచి ముప్పై అయిదుకి దిగి, పావుగంట అక్కడక్కడే తచ్చాడి, మళ్ళీ పైకెక్కింది. తలుపు తీసి పెడితే తప్ప గీత అలా దిగదు. శుక్రవారం అదే వేళకి అదే గీత. శనివారం కూడా.

రెండో గీత. రెండో మిషను. పిన్ని.

ఒంటిగంట భోజనాల వేళ. మిగిలిన ముగ్గురూ డబ్బాలు పట్టుకుని వెనక షెడ్డుకి పోతారు. పిన్ని మాత్రం మోకాలు నొప్పి, అంత దూరం నడవలేనంటూ తన మిషను పక్కనే స్టూలు వేసుకుని తింటుంది. ఆ గదిలో ఆ వేళప్పుడు ఇంకెవరూ ఉండరు. మోకాలు నొప్పి నిజమేనా? సాయంత్రం ఇంటికి నడిచేటప్పుడు లేని నొప్పి మధ్యాహ్నం ఎందుకొస్తుంది? చెమటలు పడుతున్నాయేమో, నిద్రొస్తోందేమో, కళ్ళు కనపడక గుడ్లు దగ్గరగా చూసుకోవడానికి తీస్తోందేమో. నిప్పు లేనిదే పొగ రాదు కదా. అనుమానం ఒక్కటి లోపలికొస్తే చాలు, తన చుట్టాలందర్నీ తనే పిలుచుకొస్తుంది.

అడిగేస్తే అయిపోయేది. పక్క గదిలోనే ఉంది, రాత్రి ఒకే బల్ల దగ్గర కూర్చుని తింటారు. అడగలేదు. శనివారం సాయంత్రం ఆ గీతల్ని కాగితం మీద అచ్చు తీసి తిన్నగా మేడమ్ దగ్గరికి పట్టుకెళ్ళాడు. ఎందుకంటే అతని లెక్క వేరు: ఇది ఎప్పుడో ఒకనాడు ఆవిడ కంట పడుతుంది, అప్పుడు పిన్ని కాబట్టి దాచాడంటుంది, అప్పుడు ఇద్దరి ఉద్యోగాలూ పోతాయి. ఇలా అనుకుని తన మనసుకి తనే జోకొట్టుకున్నాడు. కంచే చేను మేసినట్టని లోకం అంటుందని భయపడ్డవాడు, తను ఏ చేను తొక్కుతున్నాడో చూసుకోలేదు.

మేడమ్ కాగితాన్ని వెలుతురుకి పట్టుకుని చూసింది.

"రెండోదంటే మీ పిన్ని కదా?"

"అవునండి."

"తీగలు సరిగ్గానే ఉన్నాయా?"

"ఉన్నాయండి. సంతకం పెట్టిచ్చాను కదండి."

"సరే. సోమవారం భోజనాలయ్యాక పిలిచి అడుగుతాను. ఈలోగా ఆవిడతో అనకండి."

అనలేదు. ఆదివారమంతా ఇంట్లో పిన్నిని దొంగచూపులు చూస్తూ గడిపాడు. ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని అతని చొక్కా గుండీలు కుట్టింది, మోకాలికి మందు రాసుకుంది, పక్కింటి పిల్లాడి అల్లరి గురించి చెప్పి తనే నవ్వుకుంది. మందు రాసుకుంటుంటే, నిజంగానే వాచిందా అని తొంగి చూశాడు. వాచింది. అయినా వాపుకీ తలుపుకీ సంబంధమేంటి అనుకున్నాడు.

"ఏంట్రా, పొద్దుట్నించీ దొంగని చూసినట్టు చూస్తున్నావ్?" అంది పిన్ని.

"ఏం లేదు."

"ఏం లేకపోతే ఆ దారం ఇలా అందుకో."

అందించాడు. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నేను పడతాను అని మనసులో అనుకున్నాడు. దారం అందిస్తూ అనుకున్నాడు, అదీ వాలకం.

సోమవారం ఒంటిగంట కొట్టేసరికి అతను నడవాలోకి వచ్చి, పిన్ని గది తలుపుకున్న గాజుపలక పక్కన నక్కి నిలబడ్డాడు. మేడమ్ పిలిచేలోపు కళ్ళారా చూడాలి. ఎందుకు చూడాలీ అంటే అతనికీ సరిగ్గా తెలియదు. చూస్తే ఈ ముల్లు పోతుంది, అంతే.

పిన్ని స్టూలు మీద కూర్చుంది. డబ్బా విప్పింది. నెమ్మదిగా తింటోంది. ఆవిడ వెనక మిషను తలుపు మూసే ఉంది, దాని నుదుటి మీద ఎర్ర అంకెలు వెలుగుతున్నాయి: ముప్పై ఏడున్నర. ఒంటిగంటా పది అయింది. పిన్ని నీళ్ళు తాగింది. పదిహేను. వేళ్ళు తుడుచుకుంది. ఒకటిన్నర. డబ్బా మూత పెట్టి, మోకాలు చాపుకుని నొక్కుకుంది. తలుపు వైపు కనీసం తిరిగి కూడా చూడలేదు. ఎర్ర అంకెలు ముప్పై ఏడున్నర దగ్గర నుంచి కదల్లేదు.

ఇవాళ నన్ను పసిగట్టేసింది, అందుకే తియ్యలేదు అనుకుంటూ నడవా చివరున్న తన గదికి వెళ్ళి తెర చూశాడు. రెండో గీత ఒంటిగంటా పదకొండుకి జారింది. ముప్పై అయిదు. పావుగంట.

తను అక్కడే ఉన్నాడు. రెప్ప వెయ్యకుండా చూశాడు. తలుపు తీయలేదు, అంకె మారలేదు, గీత మాత్రం దిగింది. మీటరు పాడైందా? మీటరు మీద సరైన అంకే ఉందిగా. తీగలో ఏదైనా తేడానా? తేడా ఉంటే రోజూ భోజనాల వేళకే వస్తుందా? ఎవరైనా కావాలని కంప్యూటర్లో అంకెలు మారుస్తున్నారా? కొట్టువాడి మీదికి కూడా ఒకసారి పోయొచ్చింది బుర్ర. అందరి ఇళ్ళూ తిరిగి తిరిగి, ఇక తట్టడానికి తలుపు మిగలక, చివరికి తన ఇంటి గుమ్మంలోకే వచ్చి నిలబడింది అనుమానం.

బల్ల కిందికి వంగి నల్లపెట్టెని తిప్పాడు. రెండు అని తనే చీటీ అంటించిన సాకెట్టు నుంచి తీగ పీకాడు. తల ఎత్తి తెర చూశాడు.

రెండో గీత నడుస్తూనే ఉంది. ఆగిపోయింది మూడోది.

మళ్ళీ గుచ్చాడు. మూడు అని రాసిన దాన్ని పీకాడు. రెండో గీత ఆగింది. దాన్నీ తిరిగి గుచ్చాడు. ఒకటీ నాలుగూ మాత్రం వాటి చోట్లలో అవి బుద్ధిగా ఉన్నాయి. నాలుగు సాకెట్లని తను అడ్డంగా చదివాడు, కార్డు చేసినవాడు నిలువుగా లెక్కపెట్టాడు: పైన ఒకటి, దాని కింద రెండు, మళ్ళీ పైన మూడు, దాని కింద నాలుగు. అంతే సంగతి. రెండోది అని తను మేడమ్ చేతికిచ్చిన గీత మూడో మిషనుది. అవతలి గదిలో గుడ్ల తాత అని అందరూ పిలిచే ముసలాయన మిషనుది.

గోడ మీద గడియారం రెండుకి అయిదు నిమిషాలు తక్కువ చూపిస్తోంది. నడవాలోకి పరిగెత్తాడు. పిన్ని స్టూలు ఖాళీగా ఉంది.

మేడమ్ గది తలుపు నెట్టుకుని లోపలికెళ్ళేసరికి బల్ల మీద ఆ గీతల కాగితం పరిచి ఉంది. మేడమ్ అటు, పిన్ని ఇటు కూర్చున్నారు. పిన్ని చేతులు ఒళ్ళో పెట్టుకుని ఉంది.

"మీరే వచ్చారు, మంచిదే," అంది మేడమ్. "మీ పిన్ని ఒప్పుకున్నారు. మధ్యాహ్నం ఉక్కపోస్తే కాసేపు తీసి పెడుతున్నానన్నారు. ఇరవై రెండేళ్ళ మనిషి, నాకూ బాధగానే ఉంది. కానీ నియమం నియమమే."

"ఒప్పుకుందా? పిన్నీ, ఏం ఒప్పుకున్నావ్? నువ్వు తీయలేదు కదా."

"తీశాను," అంది పిన్ని, అతని వైపు చూడకుండా.

"ఇప్పుడే చూశాను. గాజులోంచి. అరగంట నిలబడి చూశాను. నువ్వు తీయలేదు."

"ఇవాళ తీయలేదు. మిగతా రోజులు తీశాను. నువ్వెళ్ళి నీ పని చూసుకో."

"ఇవాళ కూడా గీత పడింది! మేడమ్, తీగలు తారుమారయ్యాయండి. రెండోదీ మూడోదీ. నేనే తప్పు తగిలించాను. పరీక్షించకుండా సంతకం పెట్టాను."

మేడమ్ వెనక్కి వాలి అతన్ని తేరిపార చూసింది. ఆ చూపు అతనికి బాగా తెలుసు. ఇన్నేళ్ళూ తను అందర్నీ చూసిన చూపే అది.

"శనివారం తీగలు సరిగ్గా ఉన్నాయన్నారు. ఈవిడ ఒప్పుకున్నాక ఇవాళ లేవంటున్నారు. పిన్నిని కాపాడుకోవాలని ఈ అయిదు నిమిషాల్లో మీరే మార్చి రాలేదని నేనెలా నమ్మాలి?"

తను ఆవిడ కుర్చీలో ఉంటే అదే అడిగేవాడు, అంతకంటే రెండు ప్రశ్నలు ఎక్కువే అడిగేవాడు. నిజం చెప్తున్నా నమ్మకపోతే ఎలా ఉంటుందో అతనికి అప్పుడు తెలిసింది.

"ఇవాళ్టి గీత ఒంటిగంటా పదకొండుకి పడిందండి," అన్నాడు. "రాసి ఉంది, దాన్ని నేను మార్చలేను. రేపు ఒంటిగంటకి మీరే రండి. తెర దగ్గర మీరు కూర్చోండి, రెండు గదుల్లోనూ మీ మనుషుల్నే పెట్టండి. నన్ను బయట నిలబెట్టండి. తీగలు ఇప్పుడున్నట్టే ఉంటాయి, నేను ముట్టుకోను. కావాలంటే గదికి తాళం వేసి మీ దగ్గరే పెట్టుకోండి."

"వద్దు మేడమ్," అంది పిన్ని. "కుర్రాడు ఏదో కంగారులో అంటున్నాడు. నేను తీశానన్నాను కదా, అయిపోయింది."

మేడమ్ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. తీయలేదంటూ ఏడ్చేవాళ్ళని ఆవిడ చాలామందిని చూసింది. తీశానంటూ ఇంత పట్టు పట్టేవాళ్ళు ఆవిడకి కొత్త. లేచి, తాళంచెవి తీసుకుని, నడవా చివరి గదికి తనే స్వయంగా తాళం వేసింది.

మంగళవారం ఒంటిగంటా పదికి మేడమ్ తెర ముందు కూర్చుంది. అతన్ని గుమ్మం బయటే నిలబెట్టింది. రెండో గీత జారడం మొదలవగానే లేచి, చెప్పులు చప్పుడు కాకుండా, పిన్ని గదికి కాదు, అవతలి గదికి వెళ్ళింది. అతనూ వెనకే వెళ్ళాడు.

గుడ్ల తాత మూడో మిషను తలుపు బార్లా తీసి, దాని ముందు నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, గడియారం చూసుకుంటున్నాడు. వాళ్ళని చూసి లేవలేదు.

"ఇంకో పన్నెండు నిమిషాలుంది మేడమ్," అన్నాడు. "కోడి కూడా రోజుకోసారి గింజ తినడానికి గుడ్ల మీద నుంచి దిగుతుంది. అప్పుడు వాటికి గాలి తగలాలి. మిషనుకి ఆ తెలివి లేదు కదా, అందుకని నేను దింపుతున్నాను."

"ఎన్నాళ్ళుగా?"

"మొదట్నించీ. అందరూ షెడ్డులో తింటుంటే వెనక తలుపు గుండా వస్తాను, గంట కొట్టేలోపు మూసేస్తాను, పాత కంప్యూటరుకి తెలిసేది కాదు."

నాలుగు మిషన్లలో ఏటా ఎక్కువ పిల్లలు వచ్చేది మూడో దాంట్లోనే. ప్రతి ఏడూ ఆ ముసలాయన్ని అందరి ముందూ మెచ్చుకున్నదీ ఆవిడే. నియమం పెట్టిందీ ఆవిడే. ఇప్పుడేం చెయ్యాలో ఆవిడకే తోచలేదు. "అయ్యాక ఆఫీసుకి రండి," అని మాత్రం అని బయటికొచ్చేసింది. ఆ పన్నెండు నిమిషాలూ తలుపు మూయమని కూడా అనలేదు.

నడవాలో ఆగి, పక్షి వైపు తిరిగింది.

"మీ పిన్ని ఉంటారు. ఆవిడకి నేను స్వయంగా చెప్తాను. మీరు మాత్రం నెలాఖరుకి వేరే పని చూసుకోండి. తీగ తప్పు తగిలించినందుకు కాదు. చూడకుండా చూశానని సంతకం పెట్టారు. ఇక మీరేం రాసిచ్చినా నేను రెండోసారి చూసుకోవాలి."

"అవునండి," అన్నాడు. అందులో శంకించడానికేమీ కనపడలేదు.

సాయంత్రం ఇద్దరూ ఎప్పటిలాగే కలిసి ఇంటికి నడిచారు. పిన్ని కుంటుతోంది. సాయంత్రాలు కూడా కుంటుతుందని, ఇన్నాళ్ళూ తను ముందు నడవడం వల్ల చూడలేదని అతనికి తెలిసింది. వీధి చివరికి వచ్చాక అడిగాడు.

"ఎందుకు ఒప్పుకున్నావ్ పిన్నీ?"

"కాగితం చూపించింది కదా. తెచ్చిచ్చింది మీ అక్క కొడుకే అంది. నేను తీయలేదని నాకు తెలుసు. తలుపు కాకపోతే తీగ. తీగ నీది. ఉద్యోగంలో చేరి ఏడాదన్నా కాలేదు, నిన్ను పంపించేస్తే నలుగురూ ఏమంటారు? నాకేం, ముసలిదాన్ని, ఇంట్లో కూర్చుంటాను అనుకున్నాను."

"ఉక్కపోసిందని చెప్పావా?"

"ఏదో ఒకటి చెప్పాలి కదరా."

అతను ఆగాడు. పిన్ని కూడా ఆగింది, మోకాలి మీద చెయ్యి పెట్టుకుని.

"నేను తీశానని ఎన్నాళ్ళు అనుకున్నావ్?" అంది.

"గురువారం నుంచి."

"ఆదివారం ఇంట్లో కూర్చున్నప్పుడు కూడా?"

"ఊఁ."

"ఒక్కసారి అడిగితే ఏం పోయింది? పక్కనే ఉన్నాను. గుండీలు కుడుతున్నాను."

"అడిగితే తీయలేదనేదానివి."

"అంటాను మరి. తీయలేదు కాబట్టి."

అబద్ధం చెప్పొచ్చు. భయమేసి అడగలేదనొచ్చు, బాధపెట్టకూడదని అడగలేదనొచ్చు, ఆవిడ నమ్ముతుంది కూడా. ఆవిడ ఎప్పుడూ నమ్ముతుంది. కానీ ఆవిడ తన కోసం ఒక అబద్ధం అప్పటికే ఆడేసింది, దాని మీద ఇంకోటి పెట్టడానికి అతనికి చెయ్యి రాలేదు.

"నమ్మేవాణ్ణి కాదు పిన్నీ," అన్నాడు.

పిన్ని చేతి సంచీ ఇంకో చేతిలోకి మార్చుకుని నడక మొదలుపెట్టింది. అతను పక్కకొచ్చి సంచీ అందుకోబోయాడు, ఇవ్వలేదు.

"కోపమా?"

"కోపం కాదు. ఏడుపొస్తోంది. రోడ్డు మీద ఏడవకూడదని నడుస్తున్నాను. ఇంటికెళ్ళేదాకా నువ్వేం మాట్లాడకు."

మాట్లాడలేదు. ముందుకెళ్ళకుండా, ఆవిడ కుంటుకి తగ్గట్టు అడుగులు వేస్తూ, ఇంటిదాకా ఆవిడ వెనకే నడిచాడు.